తోడికోడలు నవ్వకపోతే

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. మన ఇళ్లల్లో ఈ సామెతను నవ్వులాటకు వాడతారు. కార్తీక వనభోజనాల్లోనూ వినబడుతుంది, పేకాట బల్ల దగ్గరా వినబడుతుంది. కొట్టడం సంగతి అందులో అలా పక్కకు జారిపోతుంది, అదేదో వర్షం పడ్డంత మామూలు విషయమైనట్టు. నాకు మాత్రం వయసు పెరిగే కొద్దీ ఆ సామెతలో తోడికోడలే ముఖ్యమైన మనిషిలా కనిపిస్తోంది. దెబ్బ తిన్న మనిషి ముందుగా చూసేది పక్కవాళ్ల ముఖంలోకి. అక్కడ నవ్వు కనిపిస్తే లోపలికి వెళ్లి తలుపేసుకుంటుంది. నవ్వకపోతే ఏమవుతుందన్నదే ఈ వ్యాసం.

మాది నరసాపురం. గోదావరి పాయ వశిష్ఠకు అవతల సఖినేటిపల్లి, మధ్యలో రేవు దాటించే పంటు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక తెల్లవారుజామున మొదటి పంటు దిగి ఒకావిడ ఇద్దరు పిల్లలతో మా అరుగు మీదికొచ్చి కూర్చుంది. నాన్నమ్మకు దూరపు చుట్టం. రాత్రివేళ పంటు నడవదు కనుక చీకట్లో ఇల్లు దాటి, అవతలి రేవులోనే పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. పెద్దవాడి భుజానికి బడిసంచి ఉంది. తెరిచి చూస్తే పుస్తకాల్లేవు, చెల్లెలి గౌన్లు రెండు, ఒక పలక. ఆమె ఎడమ చెవి దగ్గర రక్తం ఎండిపోయి ఉంది. నాన్నమ్మ ఏమీ అడగలేదు. చద్దన్నంలో పెరుగు కలిపి పిల్లలకు పెట్టి, ఆమె చేతికి కాఫీ గ్లాసిచ్చి, చుట్టూ మూగిన మమ్మల్ని "ముందు తిననివ్వండర్రా" అని కసిరింది.

పది గంటలకల్లా పెద్దమనుషులొచ్చారు. మధ్యాహ్నానికి భర్త తరఫువాళ్లొచ్చారు. సాయంత్రం పంటుకు ఆమెను తిరిగి ఎక్కించారు. నాన్నమ్మ బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇచ్చి పంపింది. ఆవిడ అలా మూడుసార్లొచ్చింది, మూడుసార్లూ అలాగే పంపాం. నాలుగోసారి రాలేదు. ఎందుకు రాలేదని మా ఇంట్లో ఎవరూ వాకబు చేయలేదు. మేమేం చెడ్డవాళ్లం కాదు. అన్నం పెట్టాం. ఉండమని మాత్రం అనలేదు.

ఆ రోజుల ముచ్చట కదా అనుకోవడానికి వీల్లేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త భార్యను కొట్టడం సబబేనా అని ఏడు కారణాలు చదివి వినిపించి అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, కూర సరిగా వండకపోవడం, ఎదురు చెప్పడం, అత్తమామల్ని గౌరవించకపోవడం, ఇలాంటివి. వీటిలో కనీసం ఒక్క కారణానికైనా కొట్టవచ్చునని ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది ఆడవాళ్లే చెప్పారు. తెలంగాణలోనూ దాదాపు అంతే. దేశంలో ఈ రెండూ ముందు వరుసలో నిలిచాయి. అంటే తోడికోడలు నవ్వడం ఎప్పుడో మానేసింది, ఇప్పుడు తలాడిస్తోంది. అదే సర్వేలో దేశం మొత్తం మీద హింసకు గురైన ఆడవాళ్లలో ఎవరినైనా సహాయం అడిగినవారు నూటికి 14 మందే. వాళ్లలో కూడా ఎక్కువమంది అడిగింది పుట్టింటివాళ్లనే. పోలీసుల దగ్గరికి, వకీళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లు చాలా కొద్దిమంది. కాబట్టి ఎన్ని చట్టాలు వచ్చినా మొదటి గడప మనదే. ఆమె ముందు తట్టేది మా నాన్నమ్మ తలుపే.

ఆ తలుపు తెరిచి, తెరిచే ఉంచిన ఇల్లొకటి మన గోదావరి ఒడ్డునే ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారిని మనం విగ్రహం చేసి కూడలిలో నిలబెట్టాం. ఏటా ఏప్రిల్ 16న దండ వేస్తాం. ఆ పెద్దమనిషి చేసిన పనిలో మనం పెద్దగా మాట్లాడుకోని భాగం పెళ్లి మర్నాటి నుంచి మొదలవుతుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన చేయించిన మొదటి వితంతు వివాహం గురించి అందరికీ తెలుసు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. పెళ్లికి ముందు ఆ పిల్ల ఉన్నది పంతులుగారింట్లోనే. నాలుగు రోజులకే రెండో పెళ్లి జరిగింది. ఊరు వెలివేసింది. వంటవాళ్లు రారు, నీళ్లు మోసేవాళ్లు రారు, పురోహితుడు దొరకడు. పెళ్లికి వచ్చినవాళ్లలో కొందరు తరవాత ప్రాయశ్చిత్తం చేయించుకుని మళ్లీ కులంలో కలిశారు. ఆయన శిష్యులు, కాలేజీ కుర్రాళ్లు కాపలా కాశారు.

అప్పుడు గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, పెళ్లి వంట చేసి వడ్డించిన మనిషి రాజ్యలక్ష్మమ్మగారు. పుట్టింటివాళ్లు పెట్టిన పేరు బాపమ్మ. అత్తగారు రాజ్యలక్ష్మి అని మార్చారు. భర్త ఉపన్యాసాలిచ్చారు, పుస్తకాలు రాశారు, పత్రిక నడిపారు. ఆవిడ బిందె ఎత్తుకున్నారు. పారిపోయి వచ్చిన పిల్లలు ఆమె వంటింట్లోనే ఉన్నారు, తిన్నారు, ఏడ్చారు. ఇవాళ సంస్థలవాళ్లు షెల్టర్ హోమ్ అని పిలిచేది ఆ రోజుల్లో ఆవిడ వంటిల్లే. నన్నడిగితే పక్కనే ఆవిడకూ ఒక విగ్రహం ఉండాలి, చంకలో బిందెతో సహా.

పెళ్లయ్యాక ఆ జంటలకు అద్దెకు ఇల్లు దొరకలేదు. ఉద్యోగాల్లేవు. నెలనెలా వాళ్ల పోషణ ఖర్చు పంతులుగారి నెత్తినే పడింది, అప్పులయ్యాయి. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సర్దకపోతే ఆ ఉద్యమం ఆ ఏడాదే చతికిలబడేది. ఇందులో విదేశాల్లోని మన తెలుగు సంఘాలవాళ్లకు పనికొచ్చే సంగతొకటుంది. ఆదుకోవడమంటే ఆ ఒక్క రాత్రితో అయిపోయేది కాదు. ఆ తరవాత వచ్చే నెలల అద్దె, బియ్యం, ఫీజులు, వాయిదాలకు తిరగడానికి బస్సు ఛార్జీలు ఉంటాయి. పంతులుగారికి అది తెలిసింది గనకే చివరికి తన ఆస్తి మొత్తాన్ని హితకారిణీ సమాజానికి రాసి పోయారు.

రాజమహేంద్రవరంలోనే 1909లో పుట్టిన దుర్గాబాయమ్మది ఇంకో దారి. ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు. ఈడొచ్చాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పేసింది. విశేషం ఆమె చెప్పడంలో కాదు, తండ్రి, తమ్ముడు సరేనని ఆమె పక్కన నిలబడడంలో ఉంది. పుట్టిల్లు అడ్డుపడని ఆ ఒక్క ఆడపిల్ల తరవాత ఏం చేసిందో చూడండి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. చదువు ఆగిపోయిన ఆడవాళ్లను పరీక్షలకు కూర్చోబెట్టి పాస్ చేయించింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. అదే ఏడాది చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసివచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూగారికి, న్యాయమూర్తులకు నూరిపోసింది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది, ఆమె పోయిన మూడేళ్లకు. ఇవాళ మనోవర్తి కోసం ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కుతున్న అమ్మాయికి ఆ మెట్లు రాజమండ్రి పిల్ల కట్టించినవని ఎవరూ చెప్పరు.

ఇక ఇప్పటి సంగతి. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. దీని గురించి మన ఊళ్లల్లో ఉన్న అపోహ ఒక్కటే, ఇది మొగుణ్ని జైల్లో పెట్టించే చట్టమని. నిజానికి ఇది సివిల్ ఉపశమనం కోసం పెట్టింది. కొట్టొద్దని ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటొద్దని ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం, ఇవీ మెజిస్ట్రేటు ఇవ్వగలిగినవి. ఆ ఉత్తర్వును కాలదన్నితేనే ఏడాది దాకా జైలు, లేదా ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇల్లు ఎవరి పేరున ఉందన్నది అడ్డు కాదు. అత్తమామల ఇల్లయినా కోడలు కాపురమున్న ఇల్లే అవుతుందని 2020లో సుప్రీం కోర్టు తేల్చింది. తిట్లూ, జీతం లాక్కోవడం, సరుకులకు డబ్బివ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో హింసే.

పెద్దగా ఎవరికీ తెలియని సంగతులు ఇంకో రెండున్నాయి. ఆమె తలదాచుకున్న చోటే కేసు వేసుకోవచ్చు. కాపురం బెంగళూరులో అయినా పుట్టిల్లు పాలకొల్లయితే పాలకొల్లు కోర్టులోనే. రెండోది మనలాంటివాళ్ల కోసం పెట్టినట్టుంటుంది. ఆమె నోరు విప్పలేని స్థితిలో ఉంటే పక్కింటివాళ్లు కూడా ప్రొటెక్షన్ ఆఫీసరుకు కబురు చెప్పవచ్చు, సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ బాధ్యతా పడదు. తోడికోడలికి చట్టం ఇచ్చిన అధికారమిది. వకీలు ఫీజు గురించి బెంగ అక్కర్లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకూ పిల్లలకూ ఉచిత న్యాయసహాయం 1987 న్యాయసేవల చట్టం ప్రకారమే ఉంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

కాగితం మీద అంతా బాగుంది. డెల్టాలో దూరాలు అలా లేవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోక ముందు తూర్పుగోదావరి కలెక్టరాఫీసు కాకినాడలో, జిల్లా కోర్టు రాజమండ్రిలో. రాజోలు ఆడకూతురు చంటిపిల్లతో ఒక కాగితం కోసం అటూ, ఇంకో కాగితం కోసం ఇటూ. ఇప్పుడు అమలాపురం, భీమవరం కూడా జిల్లా కేంద్రాలయ్యాయి, కొంత నయం. 2019 అక్టోబరు 2న కాకినాడ దగ్గరి కరపలో మొదలైన గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసును పెట్టారు. 2020 ఫిబ్రవరిలో రాష్ట్రంలో మొట్టమొదటి దిశ పోలీస్ స్టేషన్ రాజమండ్రిలోనే తెరిచారు. పేర్లు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి. మారనివి ఫోన్ నెంబర్లు: ఆడవాళ్లకు 181, అత్యవసరానికి 112, పిల్లల కోసం 1098.

సఖి కేంద్రాలని 2015 నుంచి జిల్లాకొకటి చొప్పున వచ్చాయి. వైద్యం, పోలీసు, వకీలు, కౌన్సెలింగు ఒక్క కప్పు కింద దొరకాలన్నది ఉద్దేశం. మంచి ఆలోచన. అయితే అక్కడ ఉండనిచ్చేది అయిదు రోజులు. అయిదో రోజు సాయంత్రం ఆమె సంచి సర్దుకునే వేళకు కోర్టులో కేసుకు నెంబరు కూడా పడి ఉండదు. మూడు రోజుల్లో మొదటి వాయిదా, అరవై రోజుల్లో తీర్పు అని చట్టంలో ఉన్నా, అరవై రోజుల్లో తెమిలిన కేసును నేను చూడలేదు. దీర్ఘకాలం ఉండడానికి శక్తి సదన్‌లున్నాయి. వాటిల్లో మగపిల్లవాడు కాస్త ఎదిగితే తల్లితో ఉండనివ్వరు. కొడుకును వదిలి వెళ్లలేక దెబ్బల దగ్గరికే తిరిగిపోయే తల్లులున్నారంటే తప్పు వాళ్లది కాదు.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే పంచాయితీల్లో వాళ్లను ఎప్పుడూ తూకం రాళ్లలాగే వాడతారు. "పిల్లల మొహం చూసి సర్దుకో తల్లీ" అంటారు. ఆ పిల్లల మొహం చూసినవాళ్లు ఆ మాట అనరు. మా అరుగు మీద కూర్చున్న ఆ కుర్రాడు ఆ రోజంతా వీధిగుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడైనా మోటారుసైకిల్ చప్పుడైతే చెల్లెలి చెయ్యి పట్టుకునేవాడు. అన్నం తినేటప్పుడూ వదల్లేదు. అలాంటి పిల్లవాడికి ముందుగా కావలసింది బడి. కొత్త ఊళ్లో మర్నాడే బళ్లో కూర్చుంటే, రోజుకు ఆరు గంటలైనా వాడు మామూలు పిల్లవాడవుతాడు. అడ్డొచ్చేది టీసీ. పాత బడికి వెళ్తే తండ్రికి తెలిసిపోతుంది, తండ్రి సంతకం లేనిదే ఇవ్వమంటారు. ఇందుకు చట్టంలో జవాబుంది. 2009 విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో ఏ బడీ చేర్చుకోవడం మానకూడదు. ఈ ఒక్క వాక్యం అచ్చేసిన కాగితాన్ని హెడ్‌మాస్టరుగారి బల్ల మీద పెట్టి మర్యాదగా నిలబడితే పనవుతుంది. అయిన సందర్భాలు నాకు తెలుసు. పక్కన ఊళ్లో పేరున్న మనిషి ఒకరు నిలబడితే ఇంకా త్వరగా అవుతుంది.

ఆమెకు చేతిలో రూపాయి కావాలి, అదీ తన రూపాయి. మా నరసాపురం వైపు లేసు అల్లని ఇల్లు తక్కువ. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పని అది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఈ లేసు అల్లేవాళ్ల మీద పుస్తకమే రాసింది. రోజంతా వేళ్లు వంగేలా అల్లినా, ఇంట్లో కూర్చుని చేసేది కనుక అది పనిగా లెక్కలోకి రాదని, లాభం ఎగుమతిదారుకు పోతుందని తేల్చింది. అల్లిక తెలిసిన చేతులు ఆ డబ్బుతో విడిగా బతకలేకపోవడానికి కారణం అదే. మహిళా సంఘాల పొదుపు, అప్పు కొంత ఆసరా. కాని వేరింటికి వెళ్లినామె రేషన్ కార్డు భర్త కుటుంబం నుంచి విడదీయకపోతే పథకాలేవీ ఆమె పేరున సరిగా రావు. సచివాలయంలో ఆ పని చేయించిపెట్టే మనిషి దొరకడం కూడా ఆమెకు పెద్ద సాయమే.

ఇప్పుడు విదేశాల్లో ఉంటున్న మన వైపు చూసుకుందాం. సముద్రం దాటితే ఇవన్నీ తప్పుతాయనుకుంటాం. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 మీద అమెరికా వచ్చిన అమ్మాయికి సొంతంగా నిలిచే వీసా లేదు, చాలామందికి పని చేసే హక్కు లేదు, డ్రైవింగ్ రాదు, బ్యాంకు ఖాతా అతనితో ఉమ్మడి. సఖినేటిపల్లి ఆవిడకు రాత్రి పంటు లేదు, ఈమెకు పగలు కూడా లేదు. దక్షిణాసియా ఆడవాళ్ల కోసమే అమెరికాలో సంస్థలు చాలా కాలంగా పనిచేస్తున్నాయి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మైత్రి 1991 నుంచి, అట్లాంటాలో రక్ష, హ్యూస్టన్‌లో దయ. బ్రిటన్‌లో సౌథాల్ బ్లాక్ సిస్టర్స్ 1979 నాటిది. అమెరికా జాతీయ హాట్‌లైన్ 1-800-799-7233లో దుబాసీ ద్వారా తెలుగులోనే మాట్లాడవచ్చు. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయితే ఆమె అతని ప్రమేయం లేకుండా గ్రీన్‌కార్డు కోసం సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలు 1994 చట్టం నుంచీ ఉంది. హెచ్-4 వాళ్లకు వేరే దార్లున్నాయి, అవి ఇమిగ్రేషన్ వకీలే చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో బావగారు కాదు.

ఇంకో ప్రమాదం, అక్కడ గుట్టుగా తెచ్చుకున్న విడాకుల కాగితం. 1991లో సుప్రీం కోర్టు తేల్చిన ఒక కేసులో తిరుపతిలో హిందూ వివాహం చేసుకున్న భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో తొంభై రోజులు ఉన్నానని చెప్పి డిక్రీ తెచ్చుకుని, యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి ఏ చట్టం ప్రకారం జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఒప్పుకునే కారణం అయితేనే డిక్రీ చెల్లుతుందని కోర్టు చెప్పింది. ఒక తెలుగు ఇల్లాలు పట్టు వదలకపోవడం వల్ల దేశమంతటికీ వచ్చిన తీర్పు అది. అలాగే పిల్లల్ని తీసుకుని రాత్రికి రాత్రి హైదరాబాద్ విమానం ఎక్కాలనుకునే తల్లి ముందు వకీలును కలవాలి. పిల్లల అపహరణ మీది హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అయినా అక్కడి కోర్టులో ఆమె మీద కేసు పడవచ్చు, మన కోర్టులు కూడా ఒక్కో కేసును ఒక్కోలా చూశాయి.

మన సంఘాల గురించి ఒక మాట, నొచ్చుకోకండి. మనం మంచి మధ్యవర్తులం కాము. అతను మన క్రికెట్ టీములో ఆడతాడు, గత ఏడాది సంబరాలకు విరాళమిచ్చాడు, వాళ్లమ్మగారు మనింట్లో పూతరేకులు తిన్నారు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడదామంటాం. ఆమె మన దగ్గర చెప్పినదంతా ఆ రాత్రి కారులో అతను ఆమెకు అప్పజెబుతాడు. మా నరసాపురం పెద్దమనుషులు చేసినదీ ఇదే, కండువాలు వేసుకుని చేశారు. మన పని తీర్పు చెప్పడం కాదు. ఆమె మాట నమ్మి, శిక్షణ ఉన్నవాళ్ల నెంబరిచ్చి, పాస్‌పోర్టులు, పుట్టిన సర్టిఫికెట్ల నకళ్లు మన ఇంట్లో దాచి, పిల్లల్ని బడికి దించి, నోరు కట్టుకోవడం మన పని.

ఊరికి డబ్బు పంపేవాళ్లకు చివరిగా ఒక విన్నపం. స్వాగత ద్వారాలు కట్టాం, గుళ్లకు గోపురాలెత్తాం, కల్యాణ మండపాలు ఎన్ని కట్టామో లెక్కలేదు. పెళ్లి చేయడానికి అన్ని హాళ్లున్న డెల్టాలో, ఆ పెళ్లి నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి ఆరు నెలలు ఉండడానికి గది దొరకదు. సఖి కేంద్రంలో అయిదో రోజు సంచి సర్దుకున్నామెకు ఆరో రోజు నుంచి ఆరు నెలల అద్దె, పిల్లలకు బడి ఖర్చు, వాయిదాలకు దారిఖర్చు. దీనికి శిలాఫలకం ఉండదు, రిబ్బను కత్తిరించడం ఉండదు, ఫొటో తీయకూడదు కూడా. ఈ సంక్రాంతికి ఊరెళ్తున్నవాళ్లు రాజమండ్రిలోనో భీమవరంలోనో కాకినాడలోనో ఒక పూట సఖి కేంద్రానికి వెళ్లి రండి. ఏం కావాలో మనం నిర్ణయించకుండా, అక్కడ పనిచేస్తున్నవాళ్లనే అడగండి.